వెనక నడిచే సూడి గొర్రెలు

సెలవుకు ఇంటికొచ్చిన నా బిడ్డ నిన్న తన దగ్గర చదివే పిల్లల పేర్ల కాగితం ముందేసుకుని, కష్టమైన గణాంకాల పాఠానికి ఎవరు తట్టుకుంటారు, ఎవరు తట్టుకోలేరు అని గీతలు పెడుతుంటే నాకు పాత కోపం రేగింది. నాకు సంతకం మటుకే వచ్చు. నేను చెబుతుంటే ఇది ఆమే రాస్తోంది, ఒక్క ముక్క మార్చినా ఊరుకోను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా ఆయన పోయిన మరుసటేడు, ఆమె నల్లగొండలో ఎమ్మెస్సీ చదివేది. పరిశోధనకు పోవాలంటే ఇదే గణాంకాల పెద్ద పాఠం చదవాల్సిందే. సారు తరగతిలో ప్రశ్నలడిగి, ముందు బెంచీల నుంచి ఇంగ్లీషులో గబగబా చెప్పినవాళ్లను ఉంచుకుని మిగతా పేర్లు కొట్టేసిన కాగితం గోడకంటించాడు. తెలుగులో చదివొచ్చిన నా బిడ్డ వెనక కూర్చుని నోరు విప్పలేదు. "ఇగ సాలు తియ్యమ్మా, అల్కటి పాఠమే సదువుకుంట" అని ఇంటికొచ్చి ముసుగుతన్నింది.

మా గొర్రెల మందను మరిదికి అప్పజెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని నార్కట్‌పల్లిలో బస్సెక్కాను.

సారు చెడ్డవాడు కాదు, కుర్చీ చూపించాడు. తరగతినంతా చూసే ఎవరు తట్టుకుంటారో తేల్చానన్నాడు. అప్పుడు నాకు నేను కొత్త కోడలిగా ఉన్ననాటి తప్పు గుర్తొచ్చింది. గొర్రెలు కొనబోతే మేము అన్నింటినీ పట్టలేం, నాలుగైదింటి పొట్ట తడిమి మందలో చూలు ఎంతుందో చెబుతాం. నేను చేతికి ఉరికొచ్చిన వాటినే తడిమి, అన్నీ ఒట్టివేనని బేరం వదిలేశాను. కడుపుతో ఉన్న సూడివి బరువుతో మెల్లగా వెనక నడుస్తాయని నా ఈడు ఆడవాళ్లకు చెప్పాలా? ఆ మందను ఇంకొకరు కొన్నారు, నెల తిరక్కుండా వాళ్ల దొడ్డి నిండా పిల్లలే. మా అత్త తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

అదంతా చెప్పి, "ముంగటికి ఉరికొచ్చినయాటినే పట్టి మందను చెప్తే మా కాడ నవ్వుతరు సారూ" అన్నాను.

సారు నవ్వలేదు. మీ అమ్మ చెప్పిన తప్పును లెక్కల్లో చూపించమని నా బిడ్డకు సుద్దముక్క ఇచ్చాడు. ఆమె తెలుగులోనే మొదలుపెట్టి గోడ మీది బల్లంతా నింపింది. నాకు అందులో ఒక్క గీత అర్థం కాలేదు గానీ, ఆమె సుద్దముక్క అరిగేదాకా ఆపలేదు.

"ఫెయిలైతే నన్ననొద్దమ్మా" అన్నాడు చివరికి.

"ఫెయిలైతే మల్ల రాస్తది. రాయకముందే మీరెందుకు ఫెయిల్ చేస్తున్రు?"

సారు ఆమె పేరు మళ్లీ ఎక్కించాడు. మొదటిసారి ఫెయిలైంది కూడా. మళ్లీ రాసింది, గెలిచింది.

ఇదంతా విని, "నా తాన గట్ల కొట్లాడనీకి ఒక్క తల్లన్న వస్తలేదే అమ్మా" అంటోంది. ఎందుకు వస్తారు? ఆనాడు సారు గోడకంటించిన కాగితం నాకు చదవరాదు కాబట్టే దాన్ని నమ్మలేదు. ఇప్పటి తల్లులకు అక్షరాలొచ్చాయి. కాగితం చదివి, నమ్మి, ఊరుకుంటున్నారు.