కాగితానికి వెనకవైపు

నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూలు గురించి మా వాకిట్లో ఒక కొట్లాట జరిగింది. నేను నీళ్ల బిందెతో వచ్చేసరికే అది సగానికి వచ్చింది.

“తొమ్మిది మంది పోయి పదో తరగతి పరీక్ష రాస్తే ఒక్కడు పాసైండు. గది బడా సారూ, గొడ్ల కొట్టమా?” అంటున్నాడు మా నాయన.

“మిరప కోతలని నెల్లాళ్లు పిల్లల్ని చేలో పెట్టుకుని, పరీక్ష నాడు మాత్రం తల దువ్వి పంపిస్తే పాసవుతారా? నేను పాఠం ఎవరికి చెప్పాలయ్యా, బల్లలకా?” అంటున్నాడు హెడ్మాస్టరు.

“కోతలకు రాకుంటే బువ్వ మీరు పెడ్తరా?”

“నేను పెట్టలేను. బడికి రాని పిల్లాడికి చదువు కూడా పెట్టలేను.”

“వాగొచ్చిందని మీరు నాలుగు నాలుగు దినాలు రారు. మరి గది ఎవరి తప్పు?”

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదని ఈ వయసులో నాకు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం బిందె దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఆ కొట్లాటలో ఎవరు గెలిచినా పోయేది నా చదువే అనిపించింది.

మాది ఖమ్మం వైపు చేలు అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే చోట చిన్న ఊరు. ఒక పక్క మిరప చేలు, ఒక పక్క గూడెం, నడుమ వాగు. బడికి నాలుగే గదులు. అది హైస్కూలు అయి ఎంతో కాలం కాలేదు. ఆ ఏడు పదో తరగతి ఫలితాలు అంత అధ్వానంగా వచ్చాక పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. పై మూడు తరగతులు ఇక్కడే ఉంచాలా, పెద్ద ఊరికి మార్చాలా అని ఆలోచిస్తున్నారట. పిల్లలున్న ప్రతి ఇంటివాళ్లూ బడి గురించి తమ మాట కాగితం మీద పెట్టి ఇవ్వాలట. రెండు రోజుల్లో ఆఫీసరు వచ్చి ఆ కాగితాలు పట్టుకుపోతాడట.

నేను అప్పుడే ఏడో తరగతి గట్టెక్కాను. పెద్ద ఊరు ఏడు మైళ్లు, దారంతా అడవి. మా నాయన ఒక్కసారే చెప్పాడు. “బడి పోతే నీ సదువు గూడ పోయినట్టే. ఆడపిల్లను గా అడివిల తోల.”

చదవడం వచ్చినవాళ్లు తమ కాగితం తామే రాసుకున్నారు. మిగిలినవి వేలిముద్రల ఇళ్లు. హెడ్మాస్టరు రాయడానికి వీల్లేదు, ఆ మాటలు ఆయన మీదివే కదా. పెద్ద రైతుల ఇళ్ల కుర్రాళ్లు రాస్తే మిగతావాళ్లు నమ్మరు. చివరికి పెద్దలు నా పేరు చెప్పారు. చిన్నపిల్ల, చెప్పింది చెప్పినట్టు రాస్తుంది అన్నారు. హెడ్మాస్టరు ఇంటికొకటి చొప్పున తెల్ల కాగితాలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఒక కలం, రేకు డబ్బాలో సిరా అద్దే గుడ్డ కూడా ఇచ్చాడు. ఒక్క కాగితం కూడా చెడగొట్టవద్దు, వేరే లేవు అన్నాడు. ఏం రాయాలో ఒక్క మాట కూడా చెప్పలేదు. అందుకు ఆయన మీద ఇప్పటికీ నాకు గౌరవం.

మొదటి కాగితం మా ఇంటిదే. మా నాయన మంచం మీద కూర్చుని, మిరపచేనుకు మందు కొట్టేటప్పుడు గాలి ఎటు వీస్తుందో చూసే మనిషిలాగా మొహం పెట్టి చెప్పాడు. సారు ఆలస్యంగా వస్తాడు, పొద్దు వాలకముందే సైకిలెక్కుతాడు. లెక్కలు చెప్పే సారు లేనే లేడు. ఈ బడి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే, ఎత్తేయమని రాయి అన్నాడు.

ఆ మాట రాస్తే నా గొంతు మీద నేనే కాలు పెట్టుకున్నట్టు. తల వంచుకుని మూడు ముక్కలు రాశాను. బడి బాగున్నది. సార్లు బాగా చెప్తున్నారు. బడి ఇక్కడనే ఉండాలి.

మా నాయన కాగితం చేతికి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. “ముత్యాల లెక్క రాసింది నా బిడ్డ” అన్నాడు. తర్వాత బొటనవేలు సిరాలో అద్ది, చక్కగా, కిందికి జారకుండా, ఆ అబద్ధం కింద ఒత్తాడు.

మొదటిది అయ్యాక రెండోది సులువైంది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం అది. ఒకాయన బడికి తాళం వేయమన్నాడు, ఒకావిడ తన కొడుకును బెత్తంతో కొట్టారని తిట్టింది. ఒకాయన అటు ఇటు కాకుండా అరగంట మాట్లాడాడు. అందరికీ నేను అవే మూడు ముక్కలు రాశాను. అందరూ నన్ను నమ్మి ముద్ర వేశారు. కాగితాల కట్ట పెరిగేకొద్దీ నా భయమూ పెరిగింది. ఎవరైనా చూస్తే ఏమవుతుంది? దొంగ కాగితాలు రాస్తే పోలీసులు పట్టుకుపోతారని ఎప్పుడో విన్నాను. దారిలో సైకిలు గంట మోగినా ఉలిక్కిపడ్డాను.

చివరి ఇల్లు వాగవతల గూడెంలో ఉంది. అక్కడ ఉండే అవ్వ మా అమ్మకు విస్తరాకులు తెచ్చి ఇచ్చేది. మనవణ్ని తనే పెంచుతోంది. వాడు ఎనిమిదో తరగతిలో ఉన్నాడు. నేను వెళ్లేసరికి గుడిసె ముందు అడ్డాకులు పరుచుకుని కుడుతోంది. నన్ను చూసి పని ఆపింది. పక్కనున్న నార ఒకటి తీసుకుని మాట్లాడడం మొదలుపెట్టింది. మాట్లాడుతూ ఆ నారను వేళ్లతో ఏదో చేస్తోంది. ఊరికే ఆడుకుంటోందనుకున్నాను. వాళ్ల గూడెంలో పండుగ ఇంకా ఎన్నాళ్లుందో కబురు చెప్పాలంటే అన్ని ముడులు వేసిన నార పంపుతారని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పూట తట్టలేదు.

ఆమె చెప్పడం అయిపోయింది. నేను మూడు ముక్కలు రాసి, సిరా గుడ్డ ముందుకు జరిపాను.

“ఆగు బిడ్డా. సదువు, నేను ఇంట.”

అప్పటిదాకా ఏ ఇంట్లోనూ ఎవరూ ఆ మాట అనలేదు. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, ఆమె చెప్పినవి గుర్తు తెచ్చుకుంటూ చదువుతున్నట్టు నటించాను. మనవడు మూడు మైళ్లే నడవగలడు, బడి పెద్ద ఊరికి పోతే వాడి చదువు ఆగుతుంది అన్నాను. లెక్కల సారును పంపాలి అన్నాను. మూడోది తట్టక నసిగాను. బడి బాగుంది అని ముగించాను.

అవ్వ నారను నా ముందు పెట్టింది. దాని మీద ఐదు ముడులు.

“నాకు అచ్చరాలు రావు గనీ ముడులొస్తయ్. నేను ఐదు మాటలు చెప్పిన. నువ్వు రెండు చెప్పినవ్. తక్కినయ్ ఏ వాగుల పడ్డయే?”

ఆమె కోప్పడలేదు. అది ఇంకా భయంగా ఉంది. మీ నాయనది చదువు అంది. ఇక దాచలేక, ఉన్నది ఉన్నట్టు చదివాను. బడి బాగున్నది, సార్లు బాగా చెప్తున్నారు అనేసరికి అవ్వ ఫక్కున నవ్వింది. “మీ నాయన నోట్లకెల్లి గీ మాట వచ్చిందా? అయితే మన వాగు ఎనకకు పారుతది పో!” ఆ నవ్వు అలాగే ఉండగా ఇంకోటి చదవమంది. ఇంకోటి. అన్నీ ఒకటే. నవ్వు ఆగిపోయింది.

“ఇంతమంది నోట్ల ఒకటే నాలిక ఉన్నదా బిడ్డా? గా ఆపీసరు గుడ్డోడా?”

అప్పుడు ఏడ్చాను. బడి పోతే నన్ను చేలోకి పంపిస్తారని చెప్పాను. ఇది బయటపడితే మా నాయన నన్ను ఇంట్లో ఉండనివ్వడని కూడా చెప్పాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని, సిరా అంటని తన బొటనవేలు నాకు చూపించింది.

“నాకు సంతకం లేదు. గీ ఏలే ఉన్నది. నువ్వు అడగకుండ దీన్ని కోస్కపోతున్నవ్. నేను బడి కావాల్నన్న మనిషినే గదనే, నా మాటెందుకు మింగినవ్?”

నేను మింగినవి చిన్న మాటలు కావు. తన మనవడు వాళ్ల భాషలో మాట్లాడితే బడిలో నవ్వుతున్నారనీ, వాగు పొంగిన రోజు సారు రాడని ఎవరూ చెప్పక పిల్లలు తడిసి తిరిగి వస్తున్నారనీ చెప్పింది. ఇప్పపూవు ఏరే రోజుల్లో మనవణ్ని తనే ఆపుకుంది కాబట్టి వాడు వెనకబడితే సగం తప్పు తనదేనని కూడా చెప్పింది. అప్పటిదాకా మొత్తం ఊళ్లో తన తప్పు తాను చెప్పుకున్నది ఆమె ఒక్కతే. ఆ మాట కూడా నేను రాయలేదు.

అవ్వ ముద్ర వెయ్యలేదు. నార నా చేతిలో పెట్టి, పొద్దున రమ్మంది. అందరి మాటలూ అడిగి రాసుకుని ఆఖరున తన దగ్గరికి రమ్మంది. ఒక మాట రాసినప్పుడల్లా ఒక ముడి విప్పుతానంది. నేను ఎవరికీ చెప్పను, చెప్పాల్సింది నువ్వే అంది.

ఇంటికొచ్చాను. మా నాయన వచ్చిన వాళ్లకల్లా నా బిడ్డ ఊరందరి కాగితాలూ రాసిందని చెప్పుకుంటున్నాడు. నార పిడికిట్లోనే పెట్టుకుని పడుకున్నాను.

ఇప్పుడు నా మనవరాళ్లు నన్ను చూసి నవ్వుతారు. ఎవరైనా నాలుగు సంగతులు చెప్తే కొంగుకు నాలుగు ముడులు వేసుకుంటాను, ఒక్కోటి తిరిగి చెప్పి విప్పుతాను. చదవడం రానివాళ్లు పింఛను కాగితమో దవాఖానా చీటీయో తెస్తే రెండుసార్లు చదివి వినిపించనిదే వేలు పెట్టనివ్వను. నా పిల్లలను ఇంతకంటే చిన్న తప్పులకు గట్టిగా కొట్టాను కూడా. నేను ఎనిమిదో తరగతి సగంలోనే మానేశాను. అమ్మకు జ్వరాలు పట్టుకుని ఇంటిపని నా మీద పడింది, దానికీ ఈ కాగితాలకూ సంబంధం లేదు. బడి మాత్రం మా ఊళ్లోనే ఉంది. లెక్కల సారు దసరా తర్వాత వచ్చాడు. అది ఎవరి కాగితం వల్లనో నాకు తెలియదు, నా మూడు ముక్కల వల్ల మాత్రం కాదు.

ఆ మర్నాడు పొద్దున మా నాయన గొడ్ల కొట్టంలో పేడ ఎత్తుతున్నాడు. నేను గుంజ పట్టుకుని నిలబడి, ఆయన కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆయన తట్ట దించాడు. చెయ్యి లేస్తుందని కళ్లు మూసుకున్నాను.

“మల్ల సదువు” అన్నాడు.

మళ్లీ చదివాను. కళ్లు తెరిచేసరికి ఆయన నన్ను చూడడం లేదు, తన బొటనవేలిని చూసుకుంటున్నాడు. ఇంకా కొంచెం నీలం ఉంది దాని మీద. “రాయి” అన్నాడు. వేరే కాగితాలు లేవు. ముందువైపు రాసిందాన్ని అడ్డంగా గీత గీసి కొట్టేసి, కాగితం తిప్పాను. ఆయన నిన్నటి మాటలే చెప్పాడు, ఒక్కటి మార్చలేదు. ఈ బడి ఎత్తేయండి అని నా చేత్తో, వంకర లేకుండా రాశాను. చదివి వినిపించాను. మా నాయన వేలు సిరాలో పెట్టి ఆగాడు.

“కింద ఇంకోటి రాయి. మిరప కోతలప్పుడు పిల్లను బడికి తోలకుండ నేనే ఆపిన అని.”

రాశాను. అప్పుడు ముద్ర వేశాడు. తట్ట ఎత్తుకుని పెంటకుప్ప వైపు పోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. ఒకావిడ చీపురు విసిరింది. ఒకాయన ఊరందరికీ వినిపించేలా తిట్టాడు. ఇద్దరు ఇక ముద్ర వేసేది లేదన్నారు, వాళ్ల కాగితాల వెనక ఆ సంగతే రాశాను. చివరికి గూడెం పోయాను. అవ్వ ఐదు మాటలూ మళ్లీ చెప్పింది. ఒక్కోటి చదివి వినిపించాక ఒక్కో ముడి విప్పింది. రాత్రంతా పిడికిట్లో నలిగిన ఆఖరి ముడి రాకపోతే పంటితో లాగింది. ఆ నారతోనే కాగితాలన్నీ కట్టి ఇచ్చింది.

హెడ్మాస్టరు బడి మెట్ల మీద ఉన్నాడు. కట్ట విప్పి, పైనున్న మా నాయన కాగితం రెండు వైపులా చూశాడు. ఇంకొకటి, మరొకటి చూశాడు. అన్నింటికీ ముందువైపు కొట్టేసిన మూడు ముక్కలే.

“ముందువైపు ఎవరు చెప్పి రాయించారు?” అన్నాడు.

“ఎవరూ చెప్పలె సారూ. నాదే.”

“వెనకవైపు?”

“ఊరిది.”

ఆయన తన మీద రాసిన ఆ కాగితాలన్నీ వెనకవైపు పైకి వచ్చేలా తిప్పి, వరసగా పేర్చి, అవ్వ ఇచ్చిన నారతోనే మళ్లీ కట్టి, ఆఫీసరుకు ఇవ్వడానికి లోపల బల్ల మీద పెట్టాడు. బయటికొచ్చి మొదటి గంట కొట్టాడు.