వదిన గ్లౌజుకు నేనేసిన అతుకు

నంద్యాలలో నా టైలరింగ్ షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది కొత్త బట్టలు కుట్టించుకోవడానికి రారు, పాతవి వదులు చేయించుకోవడానికి వస్తారు. పెళ్లయిన ఏడాదికి జాకెట్లు వస్తాయి, ఉద్యోగం పర్మనెంటయిన ఏడాదికి ప్యాంట్లు వస్తాయి. ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ అభిప్రాయభేదం వచ్చి బడి మానేశాను గానీ, ఎవరి నడుము ఎంత పెరగబోతోందో గుమ్మంలో చూసి చెప్పగలను. నర్సింగ్ హోములకు దుప్పట్లు, ఆపరేషన్ గదిలో తొడుక్కునే పచ్చ చొక్కాలు కూడా కుట్టిచ్చేవాణ్ణి. అవి మరీ సులువు. డాక్టరు లావైనా సన్నమైనా అదే సంచి. బట్ట అన్నాక ఒంటికి హాయిగా ఉండాలి, బిగుతుగా ఉంటే కుట్టినవాడి తప్పు అని ముప్పై ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకంతోనే మా వదిన చెయ్యి పాడుచేశాను.

వదిన మా ఆవిడకు అక్క. ఆళ్లగడ్డలో బస్టాండుకు పోయే దారిలో జొన్నరొట్టెలు అమ్మేది. రొట్టె తట్టాలంటే అరచెయ్యి పలకలా సాపుగా ఉండాలి. వదిన తడుతుంటే ముద్ద తిరుగుతూ తిరుగుతూ పెనమంత అయ్యేది, అంచు ఎక్కడా చిట్లేది కాదు. ఆమె భర్త పోయాక ఇల్లంతా ఆ చేతి మీదే నడిచింది.

రెండేళ్ల కిందట పిండిలో పోసే ఎసరు దించుతుంటే గిన్నె జారింది. కుడి అరచెయ్యి, వేళ్లు కాలిపోయాయి. కర్నూలులో ఆపరేషన్ చేసి, తొడ మీది చర్మం తీసి అరచేతికి అతికారు. గాయం మానాక ఒక గ్లౌజు ఇచ్చారు. ఒంటి రంగు గుడ్డ, లాగితే సాగుతుంది, వదిలితే పట్టేస్తుంది. స్నానానికి తప్ప తీయకూడదు. కొత్త చర్మం గట్టిపడి ముడుచుకుపోకుండా ఆ గుడ్డే అదిమి పట్టుకుంటుందట.

నెల తిరక్కుండానే వదిన బస్సెక్కి నా షాపుకొచ్చింది. స్టూలు మీద కూర్చుని చెయ్యి మిషను మీద పెట్టింది.

“మరిదీ, దీన్ని రవ్వంత లూజు చెయ్యప్పా. దురదతో సచ్చిపోతాండా.”

“యాడ కుట్టించినావ్ వదినా? కోడిపిల్లకు కొలత తీసినట్టుండాది.”

“ఆస్పత్రోల్లే ఇచ్చినారు. టైటుగానే ఉండాలంట.”

“ఎవురు చెప్పినారు?”

“వేళ్లకు ఎక్సర్‌సైజు చేపిచ్చే మేడమ్.”

“ఆయమ్మ ఎప్పుడన్నా మిషను తొక్కిందా? నేనెప్పుడన్నా సూదిమందు ఏసినానా? ఎవురి పని వాళ్లు చెయ్యాల.”

వదిన నవ్వింది. “నీ నోటికి ముందు కుట్టెయ్యాల” అంటూ గ్లౌజు తీసి ఇచ్చింది.

చిటికెన వేలి పక్క నుంచి మణికట్టు దాకా కుట్టు విప్పాను. రెండు వేళ్ల వెడల్పు బనియన్ గుడ్డ అతుకు వేశాను. వేళ్ల సందుల్లో కూడా సన్నగా వదిలాను. లోపలి నుంచి కుట్టడంతో పైకి అతుకే కనపడలేదు. వదిన తొడుక్కుని వేళ్లు ఆడించింది. “ఇప్పుడు పానం లేసొచ్చినట్టుండాది” అంది. నాకు సన్మానం జరిగినంత సంతోషమైంది.

ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉండిందని నేను తప్పించుకోలేను. బిగుతుగానే ఉండాలని వదిన నాకు తెలుగులోనే చెప్పింది.

మూడు నెలల తర్వాత ఏదో పని మీద ఆళ్లగడ్డ పోయాను. చెయ్యి కాలినప్పుడు మూసిన రొట్టెల కొట్టు ఇంకా తెరవలేదు. వదిన ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో మూసి పెట్టుకుంది.

“ఏందీ వదినా, పిడికిట్లో దాచిపెట్టినావ్? బెల్లమా?”

ఆమె చెయ్యి నా ముందుకు చాపి తెరవబోయింది. బొటనవేలు కొంచెం కదిలింది. మిగతా నాలుగూ సగంలోనే ఆగిపోయాయి. అరచేతి మధ్య చర్మం తాడులా లేచి వేళ్లను కిందికి లాగుతోంది. జీవితంలో నేను వేసిన జోకుల్లో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది అదొక్కటే.

మర్నాడే కర్నూలుకు తీసుకుపోయాను. మేడమ్ చిన్నపాటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. వదిన వేళ్లు ఒక్కొక్కటే లాగి చూసింది. తర్వాత గ్లౌజు తీసుకుని లోపలి వైపుకు తిప్పింది. నా అతుకు బయటపడింది. ఆ గదిలో ట్యూబ్‌లైటు వెలుగుకు నా కుట్టు ఎంత వరసగా ఉందో నాకే కనిపించింది.

“దీన్ని ఎవరు విప్పారు?”

వదిన నా వైపు చూసింది. తర్వాత, “నేనే మేడమ్. ఉతికేటప్పుడు విప్పుకుని అతుకు ఏసుకుంటి” అంది.

మేడమ్ కోపం మొత్తం ఆమె మీద పడింది. “ఇది బట్ట కాదమ్మా, మందు. మాత్రను సగం కోసుకుని మింగుతావా? మూడు నెలలు ఈ చెయ్యిని గాలికి వదిలేసినట్టే” అంది. వదిన తల వంచుకుని అన్నీ పడింది. బస్సులో కండక్టరుతో, బజారులో కూరగాయలామెతో, చర్చిలో పాస్టరుగారితో కూడా ఊరుకోని నా నోరు అక్కడ తెరుచుకోలేదు. గోడ మీద అతికించిన చేతి ఎముకల బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపటికి అడిగాను.

“ఎందుకట్ల చెప్పినావ్ వదినా?”

“ఏం చెప్పాల?” అంది కిటికీ వైపే చూస్తూ. “నువ్వు చెప్తావేమో అని ఒక నిమిషం చూసినా లే.”

నంద్యాలలో నేను దిగేటప్పుడు, “చెల్లెల్ని అడిగినానని చెప్పు” అంది, అంతే. ఎప్పటిలా నన్ను ఎగతాళిగా ఒక మాట అని పంపలేదు.

మళ్లీ ఆపరేషన్ చేశారు. చూపుడు వేలు, మధ్య వేలు బాగానే తెరుచుకున్నాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు పూర్తిగా రాలేదు. వదిన ఇంటి దగ్గర నాలుగు రోజులు ప్రయత్నించింది. ఆ రెండు వేళ్లు పడిన చోటల్లా రొట్టె గుంటపడి చిరిగిపోయేది. ఎడమచేత్తో తడితే ముద్ద తిరగనే తిరగలేదు. జొన్నరొట్టెలు మానేసి ఇప్పుడు పొద్దున పూట బొరుగుల ఉగ్గాని అమ్ముతోంది. పాత గిరాకీలు వచ్చి రొట్టె అడిగితే, “లేదప్పా” అంటుంది. ఎందుకు లేదో చెప్పదు.

పోయిన నెల కొత్త గ్లౌజుకు కొలతలిచ్చేందుకు తోడు పోయాను. మేడమ్ టేపు తీస్తూ వదినతో అంది, “ఈసారి నీ చేత్తో నువ్వు విప్పుకోవద్దు, సరేనా?”

వదిన తల ఊపబోయింది.

“పోయినసారి విప్పింది నేను మేడమ్” అన్నాను. “నేను టైలర్ని. ఆమె వద్దనలేదు గానీ, టైటుగా ఉండాలని ముందే చెప్పింది. నేనే వినలేదు.”

గట్టిగా తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె కళ్లద్దాల మీదుగా నన్నొకసారి చూసింది. “అప్పుడు చెప్పాల్సింది” అంది. తర్వాత, “టైలరంటున్నారుగా, ఇటు రండి. కొలత తీసుకోవాలి, ఈ వేలు చాపి పట్టుకోండి” అంది.

వదిన ఉంగరం వేలు రెండు వేళ్లతో పట్టుకున్నాను. చర్మం కింద బిగదీసిన తాడు తగిలింది. పైకి ఎత్తాను. కొంచెం దూరం వచ్చి ఆగింది.

“ఇంకొంచెం” అంది మేడమ్.

“అంతే మేడమ్, ఇంక రాదు” అంది వదిన. నా వైపు చూడలేదు. “మెల్లగా పట్టుకో మరిదీ, నొస్తాంది.”

మేడమ్ టేపు చుట్టి కొలత రాసుకుంది. నేను పట్టు వదిలాను. వేలు తిరిగి వంగిపోయింది.