అన్నీవచ్చు డాక్టరు తలకట్టు

ఆ ఫిజియో డాక్టరుకు రాని పని లేదు. అంటే, ఆయన మాట నమ్మితే. కళ్ళతో చూసినవాళ్ళకు మాత్రం ఆయనకు వచ్చిన పని ఒక్కటీ కనిపించేది కాదు. ఎదురుగా దర్జీ కూర్చుంటే కుట్టుపనిలో తనంతటివాడు లేడనేవాడు. వంటమనిషి కూర్చుంటే గరిట తిప్పడం తన దగ్గర నేర్చుకోమనేవాడు. అని ఊరుకున్నా బాగుండేది, చేసి మరీ చూపించేవాడు. ఆయన బొత్తాం కుడితే చొక్కా, బనియనూ ఒకదానికొకటి అతుక్కుని, రాత్రి రెండూ కలిపి విప్పుకోవాల్సి వచ్చేది. రోగులు ఎదుట డాక్టరు గారనీ, చాటున అన్నీవచ్చు డాక్టరనీ పిలిచేవారు.

ఆయన రాజ్యం ఆసుపత్రి వెనకవైపు, ఎండ మొహం ఎరగని పొడుగాటి గది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. గదినిండా నొప్పుల మందు వాసన. పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, గోడకు కప్పీలు, తాళ్ళు. పక్షవాతం వచ్చినవాళ్ళు, ఎముకలు విరిగినవాళ్ళు గోడవారగా కూర్చుని ఎవరి చేతిని వాళ్ళే పరాయి సొమ్ములా చూసుకుంటూ ఉండేవారు. ఆ వరసలోకి సెలూనాయన వచ్చి చేరాడు.

పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ప్రాణం దక్కిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు, ఆయన తప్ప. కత్తెర పట్టని చెయ్యి ఉంటేనేం, ఊడితేనేం అని ఆయన దిగులు. దుకాణం ఎన్నాళ్ళు మూసి ఉంచుతాం, తాళం మా తమ్ముడికిద్దామని భార్య మెల్లగా నసుగుతోంది. ఆ తమ్ముడు ఎదుటివాడి తలకంటే అద్దంలో తన తలనే ఎక్కువసేపు చూసుకునే రకం. అయినా సెలూనాయన కాదనలేదు. కాదని ఏం చేస్తాడు? అసలు ఇంట్లో మాట్లాడటమే మానేశాడు.

మొదట్లో కీళ్ళు బిగుసుకుపోకుండా డాక్టరే ఆ చేతిని ఎత్తేవాడు, మడిచేవాడు, చాపేవాడు. తర్వాత ఎడమచేతి సాయంతో ఎత్తమన్నాడు. ఆ తర్వాత దానంతట దాన్నే ఎత్తమన్నాడు. వేళ్ళు కాస్త కదిలాయి. కానీ చెయ్యి చాపితే భుజం చెవిదాకా లేచేది, మణికట్టు వేలాడిపోయేది.

"భుజంతో దొంగపని చెయ్యకండి. మణికట్టు లేపండి."

"రాదండి."

"పోనీ ఈ మెత్తటి బంతి పిసకండి."

"ఎందుకండీ?"

ఎందుకో డాక్టరు ఎంతో ఓపిగ్గా చెప్పాడు. సెలూనాయన బంతిని ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. బతుకంతా తలలు తీర్చిదిద్దిన చేతికి చివరికి రబ్బరు బంతి మిగిలిందని ఆయనకు ఏడుపొచ్చింది.

అప్పుడు డాక్టరు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంతకీ మీ పనిలో ఏముందండీ? జుట్టు కత్తిరించడం ఎవరికి రాదు?"

సెలూనాయన తలెత్తాడు. "మీకొచ్చా?"

"భలేవారే! దువ్వెన అడ్డం పెట్టాలి, కత్తెర ఆడించాలి. అంతేగా?"

"అంతేనా? గడ్డి కొయ్యడమనుకున్నారా?"

"గడ్డి కొయ్యడం కూడా వచ్చు నాకు."

ఆ రోజు ఇంట్లో కంచం ముందు సెలూనాయన నోరు విప్పాడు. "అంతేగా అంటాడే! ఎంత పొగరు!" తిట్టయితేనేం, మాట వచ్చిందని భార్య మరో గరిటెడు వడ్డించింది.

మర్నాడు డాక్టరు వచ్చేసరికి అందరి చూపూ ఆయన మీదే. తల ఒకపక్క బోడి, ఒకపక్క గుబురు, వెనక మెట్లు.

"నేనే కత్తిరించుకున్నా. ఎలా ఉంది?"

కమ్మీల మధ్య నడుస్తున్న ముసలమ్మ ఆగిపోయింది. "ఎలకలు గానీ కొరికాయా నాయనా?"

సెలూనాయనకు ఒళ్ళు మండిపోయింది. "దువ్వెన ఎలా పట్టుకున్నారసలు? చూపించండి!"

డాక్టరు జేబులోంచి దువ్వెన తీసి, పిడికిలి బిగించి, భుజం చెవిదాకా ఎత్తాడు.

"భుజానికేం పనండీ ఇక్కడ? దించండి! మణికట్టు లేవాలి, వేళ్ళు వదులుగా ఉండాలి... ఛ, ఇటివ్వండి!"

చాచింది కుడిచెయ్యి. భుజం లేవలేదు. మణికట్టు వణుకుతూ లేచింది. దువ్వెన వేళ్ళ మధ్య కాసేపు నిలిచి కిందపడింది. డాక్టరు వంగి దాన్ని తీసి తుడిచాడు.

"పట్టుకోవడం మీకూ రాదన్నమాట."

"నాకా? రాదా? మళ్ళీ ఇవ్వండి!"

బంతి మూలపడింది. పిడికి గుడ్డ చుట్టిన దువ్వెన వచ్చింది, తర్వాత గుడ్డ పోయింది. దువ్వెన కుడిచేతికి, కత్తెర ఎడమచేతికి. సెలూనాయన తిట్టుకుంటూ ఆ తలను కాస్త బాగుచేసేవాడు. డాక్టరు ఇంకాస్త చెడగొట్టుకొచ్చేవాడు. కుడిచెయ్యి ఇక మునుపటిలా కత్తెర పట్టదని మాత్రం దాపరికం లేకుండా చెప్పేశాడు. ఆ రోజు సెలూనాయన అన్నం ముట్టలేదు. మర్నాడు మాత్రం మానకుండా వచ్చాడు.

డాక్టరు భార్య ఒకసారి భర్త మర్చిపోయిన కళ్ళజోడు ఇచ్చిపోదామని వచ్చి సెలూనాయన దగ్గర ఆగింది.

"ఆ తల తొందరగా కానివ్వండి అన్నయ్యగారూ. ఆదివారం చుట్టాలొస్తున్నారు. దర్జీ గారి కోసం ఉన్న ప్యాంట్లన్నీ పాడుచేసుకున్నారు. వంటావిడ కోసం వారం రోజులు ఉప్పు కషాయం తాగాం."

"పాపం, ఏ పనీ రాదు కదమ్మా ఆయనకి."

"ఎవరికి? మా పిల్లలకి పుట్టినప్పట్నుంచీ జుట్టు కత్తిరించేది ఈయనేగా! ఎంత నున్నగా కత్తిరిస్తారో. నా రవికలకి హుక్కులు కుట్టేదీ ఈయనే."

సెలూనాయన గది ఆ చివరకు చూశాడు. మోచెయ్యి విరిగిన పెయింటర్ ఎదురుగా డాక్టరు స్టూలు వేసుకున్నాడు. గోడకు రంగు పుయ్యడం ఎంతసేపండీ అంటున్నాడు. పెయింటర్ మొహం అప్పుడే ఎర్రబడుతోంది. ఆ మెట్లతల మీద సెలూనాయనకు పట్టరానంత ప్రేమ పొంగింది.

ఇంటికి రాగానే భార్యతో అన్నాడు: "మీ తమ్ముణ్ణి రమ్మను. తాళం ఇవ్వను. గడ్డాలు గీసే పనిస్తా."

"చెయ్యి వచ్చేసిందా?" అంది ఆమె, కళ్ళు పెద్దవి చేసి.

"పూర్తిగా రాదుట. దువ్వెన పట్టుకుంటుంది, అది చాలు. కత్తెర ఎడమచేతికి నేర్పుకుంటా. నువ్వు కాస్త ఇటొచ్చి తల వంచి కూర్చో, సాధన చెయ్యాలి. ఆదివారం లోపు ఆ మనిషి తల బాగుచెయ్యకపోతే ఆ ఇల్లాలికి నా మొహం చూపించలేను."