షుగరు తగ్గిందని దండం పెట్టుకున్న రోజు

మా వీధి మొదట్లో మిఠాయి అంగడి పెట్టుకున్న పెద్దాయన పోయారు. లాడ్జిలో పనికి బయలుదేరిన మా కోడలు నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, గడపలో నిలబడి చెప్పింది. నిద్రలోనే పోయారట. చేతిలోని చెంబు కింద పెట్టి, "ఇంక మన పాపను ఎవురు సూస్తారే?" అన్నాను. మనిషి పోయారంటే ముందుగా నా నోట వచ్చిన మాట అది. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. పక్కన కూర్చుని మనవరాలు ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుతోంది. దానికి పదకొండేళ్ళు. తొమ్మిదో ఏట చక్కెర జబ్బు బయటపడింది. ఇది మాత్రలకు లొంగే రకం కాదు, పూటపూటా ఇన్సులిన్ సూది వేయాల్సిందే అన్నారు ఆసుపత్రిలో.

ఆ రోజు నుంచి మా ఇంట్లో తీపి అనే మాట లేకుండా చేశాను. చక్కెర డబ్బా అటకెక్కింది. ఎవరైనా కొండ నుంచి లడ్డు తెచ్చిస్తే పాప కంటపడకముందే పక్కింటికి పంపేసేదాన్ని. సూది లెక్క చూసుకుంటే అప్పుడప్పుడు కొంచెం తినొచ్చని కోడలికి డాక్టరు చెప్పారు. నేను వింటేనా. బడి ఆటో పాపను దించేది సరిగ్గా ఆ మిఠాయి అంగడి ముందే. దాని తల అటు తిరగకుండా చేయి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. పొయ్యి దగ్గర నుంచి పెద్దాయన చూసి నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు కోపం.

ఒక్కసారి మాత్రం, చక్కెర వద్దన్నారు గానీ బెల్లం వద్దనలేదు కదా అనిపించి, పాపకు ఒక బెల్లం ఉండ ఇమ్మని అడిగాను. ఆయన ఇవ్వలేదు. "బెల్లం చక్కెరకు తోడబుట్టిందే మా, రంగు మార్సుకుండాది అంతే" అన్నారు. వ్యాపారం చేతకాని మనిషి అనుకుని వచ్చేశాను.

అప్పట్లో నా మొక్కంతా ఒకటే, షుగరు తగ్గాలి. పొద్దునా సాయంత్రం కొండ వైపు తిరిగి అదే అడిగేదాన్ని.

ఒక సాయంత్రం పాప ఆటో దిగి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "అవ్వా, షుగరు తగ్గినట్టుండాది."

జ్వరం తగ్గింది అంటాం, నొప్పి తగ్గింది అంటాం. నాకు తెలిసిన తగ్గడం అదే. అక్కడే రోడ్డు పక్కన రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని స్వామికి దండం పెట్టుకున్నాను. నేను దండం పెడుతున్నంతసేపూ బిడ్డ నా కొంగు పట్టుకుని వణుకుతూనే ఉంది.

కళ్ళు తెరిచేసరికి పెద్దాయన అంగడి దిగి వచ్చి, పాపను మెట్టు మీద కూర్చోబెట్టారు. దాని ముఖమంతా చెమట. ఆయన స్టీలు గ్లాసులో చక్కెర వేసి నీళ్ళు కలుపుతున్నారు. షుగరు పిల్లకు చక్కెర నీళ్ళేమిటని గ్లాసుకు చేయి అడ్డం పెట్టాను. నా చేయి పక్కకు తోసి ఆయన తాగించారు. అప్పటికే దానికి మాట ముద్దముద్దగా వస్తోంది. ఎదురుగా తట్ట నిండా లడ్లు పెట్టుకుని ఉత్త చక్కెర నీళ్ళెందుకని తర్వాతెప్పుడో అడిగాను. నెయ్యి ఉన్నది నిదానంగా ఎక్కుతుందట. ఆ సమయానికి పరిగెత్తేది కావాలట.

పావుగంటకు పాప సంచిలోంచి మిషను తీసి, తనే వేలు గుచ్చుకుని చూసుకుంది. అంకె పైకి వచ్చింది. ఆ రోజు బడిలో ఆటలాడించారట, మధ్యాహ్నం అన్నం సగం వదిలేసిందట.

అప్పుడు పెద్దాయన నాతో అన్నారు. "జరం తగ్గితే దండం పెట్టుకో మా. ఇది తగ్గితే దండానికి టైం ల్యా, చక్కెర నీళ్ళు తాపల్ల." పాప వైపు తిరిగి, "నువ్వు గూడా తగ్గింది అనాకు పాపా. పడిపోయింది అను. మీ అవ్వ పరిగెత్తుతాది" అన్నారు. పాప నవ్వింది.

ఆయన కూడా ఏళ్ళ తరబడి సూది వేసుకునే మనిషని ఆ రోజే తెలిసింది. పాకం నాలుక మీద పెట్టకుండా, రెండు వేళ్ళ మధ్య తీగ సాగడం చూసి కుదిరిందో లేదో చెప్పేవారు.

ఆ తర్వాత ఆయనా, మా కోడలూ ఒక జట్టయ్యారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో ఇడ్లీ లెక్క ఉంది, బ్రెడ్డు లెక్క ఉంది, మా వీధి లడ్డు లెక్క లేదు. ఆయన పాప కోసమని నిమ్మకాయ కన్నా చిన్న లడ్డు, ఎప్పుడు చేసినా ఒకే బరువుండేట్టు తూచి కట్టేవారు. అందులో చక్కెర ఎంత, పిండి ఎంత అన్నది చీటీ మీద రాసిచ్చారు. కోడలు ఆ చీటీ డాక్టరుకు చూపించి, దానికి ఎంత సూది వేయాలో నేర్చుకుంది. ఆదివారం అన్నం తర్వాత ఒకటి.

మొదటి ఆదివారం సూది వేసి, లడ్డు పెట్టారు. రెండు గంటలకు చూస్తే అంకె పెరిగింది. ఇంట్లో అందరినీ తిట్టాను, పెద్దాయనను కూడా. పొద్దు వాలేసరికి అది దిగివచ్చి ఉండాల్సిన చోట నిలబడింది. పాప మిషను నా ముఖం ముందు పెట్టి, "ఇప్పుడు తగ్గిందవ్వా. దండం పెట్టుకో" అంది. పెట్టుకున్నాను. ఈసారి కొండకు ఒకటి, అంగడి వైపు ఒకటి.

ఆ స్టీలు గ్లాసును ఆయన మళ్ళీ వేరే పనికి వాడలేదు. గల్లాపెట్టె పక్కన చక్కెర సీసా, దాని మీద బోర్లించిన గ్లాసు. ఎవరైనా నీళ్ళకని చేయి చాస్తే, అది మా పాపది అని ఇంకోటి ఇచ్చేవారు. ఈ రెండేళ్ళలో పాప మూడుసార్లు ఆ మెట్టు మీద కూర్చుంది. మూడుసార్లూ లేచి నడిచి ఇంటికి వచ్చింది.

ఆయన పోయాక అంగడి మూసి ఉన్నన్ని రోజులూ చక్కెర పొట్లం నడుముకు దోపుకుని, ఆటో రాకముందే వెళ్ళి నిలబడ్డాను. నిన్న ఆయన కూతురు అంగడి తెరిచింది. ఫోటోకు దండ వేసి ఉంది. నేను దండం పెట్టడం కూడా మరిచి గల్లాపెట్టె పక్కకే చూశాను.

చక్కెర సీసా అక్కడే ఉంది. దాని మీద ఆ గ్లాసు బోర్లించి ఉంది, అప్పుడే కడిగినట్టున్నారు. అంచున నీటి చుక్క ఇంకా ఆరలేదు.