చూడని పుస్తకానికి చుక్క

మా గైడుగారు పరమ చాదస్తుడు. పరిశోధన గ్రంథం చివర ఇచ్చే గ్రంథసూచిలో, మనం స్వయంగా చూసిన పుస్తకానికే చుక్క పెట్టాలనేవారు. చుక్క లేదంటే చూడలేదని అర్థమని సూచి పైనే రాయించేవారు. డెబ్బైల చివర్లో నేను హోసూరు వైపు దంపుళ్ల పాటల మీద పనిచేస్తున్నాను.

కృష్ణగిరిలో ఒక పాత గ్రంథసూచి దొరికింది. ఉద్దనపల్లి అయ్యవారొకాయన అచ్చు వేయించుకున్న పాటల పుస్తకం పేరు అందులో ఉంది. ఏ లైబ్రరీలోనూ ఆ పుస్తకం లేదు. అది లేకపోతే నా మూడో అధ్యాయం కుంటిదే. ఉద్దనపల్లికి బస్సెక్కాను.

అయ్యవారు పోయి ఏడాదైందట. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"మిగిలింది ఒకటే పుస్తకం అమ్మా. దాని మీదే ఆయప్పకు ప్రాణం. గుండెల మీద పెట్టి ఆయప్పతోనే పూడ్చేసినాము."

నా మొహం చూసి జాలిపడింది కాబోలు. "అయినా ఆ పాటలన్నీ నాకు నోటికొచ్చు. నేను పాడతా ఉంటే ఆయప్ప రాసుకున్నాడు. పాడేదా?"

గడియారం చూసుకున్నాను. హోసూరు బస్సుకు ఇంకా పది నిమిషాలే. నోటిపాటకు పేజీ నంబరు ఏం వేసేది? ఇంకోసారి వస్తానమ్మా అని లేచాను. మళ్లీ వెళ్లనే లేదు. గడువు తరుముకొస్తుంటే పుస్తకం పేరు రాసి, పక్కన చుక్క పెట్టేశాను. ఎవరు చూడొచ్చారు? డిగ్రీ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది.

ఏళ్ల తర్వాత గురుబరపల్లి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా గ్రంథసూచి మొత్తం నోటుబుక్కులో ఎక్కించుకుంది.

"ఈ పుస్తకం పేరు చానా సూచుల్లో ఉండాదమ్మా. చుక్క పెట్టింది మీరొక్కరే. ఉద్దనపల్లికి పోయినాను. ఆయమ్మ కూడా పోయిందంట. ఇంక మీరే దిక్కు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"పోనీ, ఆయమ్మ చేత పాడించి రాసుకోనుంటారు కదమ్మా?"

"పాడతానంది. నాకు బస్సుకు టైమైపోతోందని వచ్చేశాను."

ఆ పిల్ల రబ్బరు తీసి, తన నోటుబుక్కులో ఆ చుక్క చెరిపేసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

పాడేదా అన్న గొంతు నన్ను వదల్లేదు. పట్టపగలు, క్లాసులో పాఠం చెబుతుండగా వినిపిస్తుంది. ఆ పిల్లకు చెప్పనిది ఇంకొకటుంది. ఆ రోజు బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ నేను ఆ ఇంటి ఎదురుగా ఉన్న బస్టాపులోనే నిలబడి ఉన్నాను. ఆమె గడప మీదే కూర్చుని ఉంది.