హంసను చూడబోయిన మంగళవారం

ఎమ్మిగనూరులో మగ్గం పనివాళ్ళకు ఆదివారం సెలవు ఉండేది కాదు. నెలకు ఒక్క అమావాస్య నాడే మగ్గం ఆపేవాళ్ళం. ఆ రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. వారాల లెక్క మాకు పట్టేది కాదు. ఇవాళ ఏ వారమని ఎవరైనా అడిగితే పక్కింట్లో కనుక్కుని చెప్పాల్సిందే.

నేను చీర అంచుల్లో హంసలు నేసేవాణ్ణి. మా నాయన నేర్పిన హంస అది. తలమీద కుచ్చు, వెనక నెమలికున్నంత తోక. నా భార్య మగ్గం పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టి అందించేది. మాకు పిల్లలు లేరు. ఆ గదిలో మాటలన్నీ ఆమెవే. నాకు మాటకంటే ముందు కోపం వచ్చేది.

డెబ్బైల్లో ఒక రోజు ఆమె కండె అందిస్తూ అంచును వేలితో తడిమింది.

"ఇన్నేండ్లుగా నేస్తాండావు. హంసను ఎప్పుడన్నా సూసినావా?"

"నేను సూడకపోతే ఏం? మా నాయన సూసింటాడు."

"ఆయన యాడ సూసినాడు? ఆదోని దాటి పోయిన మనిషి కాదు. నాకు మాత్రం ఇది బాతు మాదిరే కనపడతాంది. కుచ్చు పెట్టి హంస అంటాండారు."

ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత నూలు పనిమీద ఆదోని పోయినప్పుడు, తరచూ మద్రాసు పోయి వచ్చే పత్తి గుమాస్తా ఒకాయన అక్కడి జంతువుల తోట సంగతి చెప్పాడు. దొరల కాలం నాటిదట. దేశదేశాల చెట్లు, పులులు, సింహాలు అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉంటాయట. మధ్యలో చెరువు, అందులో తెల్లటి హంసలు. ఇంటికి వస్తూనే పందెం కాశాను.

"పా, నీకు హంసను సూపిస్తా. అది బాతు మాదిరి ఉంటే నా మీసం తీసేస్తా."

"మీసం లేకుంటే నిన్ను ఎట్ల సూసేది?" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే ఆ పూటే జొన్నరొట్టెలకు పిండి జల్లించి పెట్టుకుంది.

ఎప్పుడు పోవాలన్నది ఆలోచించే పనే లేదు. సెలవంటే అమావాస్యే. ముందు రోజు సాయంత్రం పని ఆపి, బస్సులో ఆదోని చేరి మద్రాసు రైలెక్కాం. ఆమె రైలెక్కడం అదే మొదలు. రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ వదల్లేదు.

తెల్లారి తోట దగ్గరికి నడిచిపోతే గేటు మూసి ఉంది. బోర్డు అరవంలో, ఇంగ్లీషులో ఉంది. కాపలావాడు ఏదో అని చేయి ఊపాడు. గేటు పక్కన జామపండ్లు అమ్మే తెలుగు ముసలామె విడమరిచి చెప్పింది.

"మంగళవారం మూసేస్తారు నాయనా. రేపు రండి."

అమావాస్యను చూసుకున్నాను గానీ వారాన్ని చూసుకోలేదు. లోకమంతా వారాలతో నడుస్తుందని నాకు ఆ గేటు ముందు తెలిసింది. కాపలావాడి మీద తెలుగులో నోరు పారేసుకున్నాను. వాడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు, నవ్వాడు. దాంతో ఇంకా రేగిపోయాను.

ఆమె నా చేయి పట్టుకుని గోడ వెంబడి నడిపించింది. ఒక చోట ఏదో పెద్ద చెట్టు కొమ్మ గోడ దాటి రోడ్డు మీదికి వంగి ఉంది. కింద ఎర్రటి పువ్వులు రాలి ఉన్నాయి. ఒకటి ఏరి కొంగున ముడేసుకుంది. లోపల ఏదో పక్షి గట్టిగా అరిచింది.

"అద్దో, నీ బాతు పిలుస్తాంది" అంది.

నేను నవ్వలేదు.

"రేపొక్క దినం ఉండి సూసి పోదాం లేబ్బా. సత్రంలో పండుకుందాం."

"రేపు మగ్గం పట్టాల. నీకు తెలీదా?"

అమావాస్య మరుసటి రోజు మగ్గం పట్టకపోతే ఆ నెలంతా దారం తెగుతూనే ఉంటుందని మా నాయన అనేవాడు. నేను చెప్పుకున్న కారణం అది. అసలు కారణం రోషం. ఆమె ముందు తెలివితక్కువ వాణ్ణి అయిపోయానని. ఆమె ఇంకోసారి అడగలేదు. తిరుగు రైల్లో కొంగు ముడి విప్పి చూసుకుంటే పువ్వు నల్లబడి ఉంది.

వచ్చేసారి వారం చూసుకుని పోదామనుకున్నాం. ఆ వచ్చేసారి రాలేదు. ప్రతి అమావాస్యకూ ఏదో ఒక అడ్డం. మూడో ఏడు ఆమెకు కామెర్లు వచ్చాయి. ఆదోని ఆసుపత్రిలో పదకొండు రోజులుండి అక్కడే పోయింది. ఆ పదకొండు రోజుల్లో హంస మాట ఎత్తలేదు. ఎత్తి నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కండెలు పక్కింటామె చుట్టి గడప దగ్గర పెట్టిపోయేది. గదిలో మగ్గం చప్పుడు తప్ప మరేమీ లేదు. నోరు తెరవకుండా మూడేసి రోజులు గడిచేవి. అంచులో హంస వంకర పోయినా చెప్పే దిక్కు లేదు. విప్పి మళ్ళీ నేయడానికి కూడా బుద్ధి పుట్టేది కాదు.

ఎనభైల్లో ఒకసారి, అమావాస్య కాని రోజున, మగ్గం ఆపి మద్రాసు పోయాను. కేలండరు చూసుకునే పోయాను. బుధవారం. గేటు తెరిచి ఉంది. గోడ దాటి వంగిన ఆ చెట్టును ఈసారి లోపలినుంచి చూశాను. మొదలుకు రేకు ముక్క మీద పేరు రాసి కొట్టారు, నాకు చదవరాలేదు. పులి నిద్రపోతోంది. దాని దగ్గర ఆగలేదు, నేరుగా చెరువుకు పోయాను.

నాలుగు హంసలున్నాయి. తలమీద కుచ్చు లేదు. తోక బెత్తెడు కూడా లేదు. మెడ ఒక్కటే పొడుగు. నీళ్ళలో ఉన్నంతసేపూ దర్జాగానే ఉన్నాయి. ఒకటి గట్టెక్కి నడిచింది. పెద్ద కాళ్ళు, అటూ ఇటూ ఊగుతూ, అచ్చం బాతు.

"నువ్వు సెప్పిందే నిజం. బాతే" అన్నాను, పైకే.

పక్కన బిడ్డకు హంసలను చూపిస్తున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసి దూరం జరిగింది. అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం రైలుంది. ఎక్కలేదు. ఆమె అడిగిన ఆ ఒక్క దినం ఉందామని సత్రానికి పోయాను. పొద్దున్నే మంగలి దగ్గర మీసం తీయించుకుని, మళ్ళీ ఆ గట్టు మీదికే పోయి మూసేవరకూ కూర్చున్నాను.

ఊరికి వచ్చాక నా బోడి మూతి చూసి, తిరుపతి పోయొచ్చినావా అని వీధంతా అడిగింది. అవునన్నాను. పందెం సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె ఇంట్లో లేదు.