మా అవ్వకు తమ్ముడు పుట్టిండు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఆదిలాబాద్‌లో, జిన్నింగు మిల్లు వెనక కూలోళ్ల వాడలో, రేకుల షెడ్డు బడిలో ఒకటో తరగతి చదివేదాన్ని. మా మాస్టారు కోస్తా నుంచి కొత్తగా వచ్చారు. పిల్లలు బడి ఎగ్గొడితే ఆయనకు ఒళ్లు మండేది. నేను వారం పాటు రాకపోయేసరికి నిలదీశారు.

"మా అవ్వకు తమ్ముడు పుట్టిండు సార్. ఇంటికాడ పని జేసిన."

"అవ్వకా? అబద్ధమైతే నీ పేరు కొట్టేస్తాను. పద మీ ఇంటికి!"

పేరు కొట్టేస్తే ఇక మిల్లులో పత్తి ఏరుకోవడమే. ఏడుస్తూ నడిచాను. వాడంతా మా వెనకే వచ్చింది.

గడపలో మా నాయనమ్మ కూర్చుని ఉంది. మాస్టారు ఆమెనే అడిగారు. "ఏం అవ్వా, నీకు కొడుకు పుట్టాడట?"

"గీ వయసులనా? నీ నోట్ల మన్నువడ!" అంటూ నాయనమ్మ చీపురు అందుకుంది.

అంతలో లోపల పసివాడు కేరుమన్నాడు. నేను "అవ్వా!" అంటూ పరుగెత్తి మా అమ్మను చుట్టుకున్నాను. వాళ్ల వైపు అవ్వ అంటే ముసలమ్మ, మా వైపు కన్నతల్లి అని మాస్టారికి అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆయన బోర్డు మీద "అ – అమ్మ" కింద "అ – అవ్వ" అని రాసి, మాతోపాటు తానూ గట్టిగా చదివారు. మా ఇంటి మాట బోర్డు మీద చూడటం నాకదే మొదలు.

ఇప్పుడు మనవరాలితో "అ" దిద్దిస్తూ రెండు మాటలూ చెబుతాను. నాకు మాత్రం ముందు చీపురే గుర్తొస్తుంది.